ఏడో పొయ్యి

మంగళవారం ఉదయం తొమ్మిదీ పది.

సాయన్నను మెజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా ఏడు గంటల యాభై నిమిషాలు ఉంది. బోధన్ ఠాణా గోడ మీది గడియారం చూసి ఆత్మారాం మనసులో లెక్క వేసుకున్నాడు. నిన్న సాయంత్రం అయిదింటికి అరెస్టు చూపించారు. ఇవాళ అయిదులోపల హాజరుపరచాలి. ఆ తర్వాత సాయన్న జైలుకు పోతాడు. తోటి కార్మికులను ముంచిన మోసగాడిగా పోతాడు.

ఆత్మారాం పద్దెనిమిదేళ్లు పోలీసు కొలువు చేసి హెడ్ కానిస్టేబులు దాకా వచ్చాడు. పై అధికారి రాయమన్న పంచనామా రాయనందుకు ఉద్యోగం పోయింది. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక చెప్పుల దుకాణం మీది గదికి ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు కట్టుకుని ఉన్నాడు. వచ్చే కేసుల్లో ముప్పాతిక పెళ్లి సంబంధాల ఆరా. ఈ పొద్దున ఆరున్నరకు తలుపు కొట్టిన లింగవ్వ పెళ్లి మాట ఎత్తలేదు. బోధన్ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. చంకలో బీడీల చేట ఉంది.

"నా పెనిమిటి దొంగ కాదు సార్. గదొక్కటి రుజువు చెయ్యి," అంది.

తిరుగు బస్సులో ఆమె చెప్పిన సంగతి ఇది.

సాయన్న ఇరవై రెండేళ్లు చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండాడు. కిందటేడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాడు. ఈ నెలాఖరుకు క్వార్టర్ ఖాళీ చేయాలి. అతనిలాంటివాళ్లు ఎందరో ఒకేసారి కిరాయి ఇళ్ల కోసం తిరుగుతున్నారు. ఆషాఢం మొదట్లో రైల్వే గేటు అవతల ఒక ఇల్లు ఖాళీగా ఉందని తెలిసింది. నాలుగు గదులు, బోరింగు, తూర్పు వాకిలి, చుట్టుపక్కల ఇళ్లకంటే తక్కువ కిరాయి. ఇంటాయన బావమరిదినంటూ నాందేడు నుంచి దేవిదాస్ అనే మనిషి వచ్చి తలుపు తీసి చూపించాడు. ఆరు నెలల కిరాయి ముందే తీసుకుని రసీదు ఇచ్చాడు. అక్కడికక్కడే తాళంచెవి కూడా చేతిలో పెట్టాడు. చెవి చేతికొచ్చాక ఇక అనుమానం దేనికి? ఆషాఢంలో కొత్త ఇంట కాలుపెట్టరు కనుక, శ్రావణం రానిచ్చి తొలి మంచి రోజున పాలు పొంగించుకుందామని సాయన్న ఆగాడు.

ఆ తొలి మంచి రోజు నిన్న, సోమవారం. ముహూర్తం ఏడూ ఇరవై. ఆ వేళకు ఆ ఇంటి ముందు ఏడు కుటుంబాలు సామాన్లతో దిగాయి. ఏడు రసీదులు, ఏడు తాళంచెవులు. తాళం ఒక్కటే.

దేవిదాస్ జాడ లేదు. మధ్యాహ్నానికి వేళ్లన్నీ సాయన్న వైపు తిరిగాయి. ఆ ఇల్లు ఉందని మాకు చెప్పింది సాయన్నే అని ముగ్గురు అన్నారు. మిగతావాళ్లు ఆ ముగ్గురి నోట విన్నారు.

లింగవ్వ బొడ్లో సంచి విప్పి తన రసీదు చూపించింది. జులై పద్నాలుగు, ఆదివారం. రాత గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా, తెలుగులో ఉంది. కింద సంతకం మరాఠీలో ఉంది. ఆత్మారాం దాన్ని రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చాడు.

"భద్రంగ పెట్టుకో," అన్నాడు.

ఎవరికీ ఇవ్వకు అనలేదు. ఆ రెండు మాటలు అననందుకు తర్వాత అతను చాలాకాలం నిద్ర లేకుండా గడిపాడు.

*

ఎస్సై రామస్వామి ఇరవై ఏళ్ల కిందట ఆత్మారాంతో పాటే కానిస్టేబులుగా చేరాడు. ఒకే గదిలో వండుకున్నారు. ఆ తర్వాత రామస్వామి పరీక్షలు రాశాడు, ఆత్మారాం రాయలేదు.

"నౌకరి పోయినా నడక పోలే నీకు. ఇంక ఠాణా నీదే అన్నట్టు వస్తవు," అన్నాడు రామస్వామి కుర్చీలోంచి లేవకుండానే.

"నీ కుర్సీకి ఏం పనిలేదు నాకు. సాయన్నతోటి పది నిమిషాలు కావాలె."

"ఏం అడుగుతవ్? ముగ్గురు సాక్షులు ఒక్క తీరుగ చెప్పిండ్రు. నీకెవరు చెప్పిండ్రయ్యా అంటె హోటల్ల ఎవరో అనుకుంటుంటె ఇన్న అంటడు. పేరడిగితె నేల చూస్తడు. నువ్వు నా జాగల ఉంటె ఏం రాస్తవ్?"

 ఆత్మారాం అయినా అదే రాసి ఉండేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"పది నిమిషాలు," అన్నాడు రామస్వామి. "గడియారం నా దిక్కున్నది."

లాకప్పులో సాయన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై ఆరేళ్లు. ముంజేతుల నిండా వేడి పాకం చిట్లి పడ్డ పాత మచ్చలు. అడిగినదానికి తిన్నగానే చెప్పాడు. దేవిదాస్‌ను రెండుసార్లు చూశాడు. తెలుగు వచ్చీరాని మాట. బట్టతల. ఒంటి మీద బూడిదరంగు సఫారీ.

"కొత్తదా, పాతదా?"

"కొత్తది సార్. ఇంక కుట్టు దారం గుడ తియ్యలే. భుజం మీద తెల్లదారం టాకా అట్లనే ఉండె. ప్యాంటు అంచుకు సుద్ద గీత. ఇల్లు గల్లోడు, దర్జీ దగ్గరికెళ్లి సీద ఇటే వచ్చిండు గావచ్చు అనుకున్న."

ఆత్మారాం పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. నాందేడు నుంచి బస్సులో మూడు గంటలు కూర్చుని వచ్చినవాడి ప్యాంటు అంచుకు సుద్ద గీత నిలవదు.

ఆ తర్వాతే అసలు ప్రశ్న వేశాడు. ఇల్లు ఉందని నీకు చెప్పిందెవరు? సాయన్న నేలచూపు చూశాడు. హోటలు మాటే మళ్లీ చెప్పాడు. ఏ హోటలు అంటే తడబడ్డాడు. ఏ రోజు అంటే ఊరుకున్నాడు. నీ పెళ్లాం వరండాలో కూర్చుని బీడీలు చుడుతోంది, ఇవాళ వెయ్యి చుట్టకపోతే రేపు ఆకు ఇవ్వరు అని ఆత్మారాం చెప్పాడు. సాయన్న కళ్లు తుడుచుకున్నాడు కాని పేరు చెప్పలేదు.

పదో నిమిషంలో, కానిస్టేబులు తాళం తిప్పుతుండగా, ఒక్క మాట అన్నాడు.

"మంది అందరు లోపల్నే ఉంటె ఎట్ల సార్. ఒక్కడన్నా బయట ఉండి ఉరకాలె గద."

*

పదీ నలభై. రైల్వే గేటు అవతలి ఇల్లు.

గడప మీద కూర్చున్న మనిషి ఆత్మారాంను చూసి లేచి నమస్కారం పెట్టాడు. యాభై ఏళ్లుంటాయి. జేబులో రెండు పెన్నులు, భుజాన గుడ్డసంచి. పేరు నర్సన్న. ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తాగా చేసి, అందరితో పాటే బయటికొచ్చాడు. ఏడో రసీదు అతనిది. మునిగినవాళ్లందరినీ ఒకచోట చేర్చి నడుపుతున్నది అతనే. నిజామాబాద్‌లో ఒక మంచి వకీలుతో మాట్లాడానని, ఖర్చు ఎక్కువ కాదని, సాయన్నను కూడా ఎలాగైనా బయటికి తెద్దామని చెప్పాడు.

"సాయన్న మీద నాకు గుస్సా లేదు సార్. మనిషి అమాయకుడు. ఎవడో ఆడిచ్చిండు, ఆడిండు. నాకు గుడ ఆయననే చెప్పిండు, జులై ఇరవై ఒకటిన. తెల్లారి పోయి పైసలిచ్చిన."

నిన్న ముహూర్తం వేళ ఏం జరిగిందో కూడా అతనే వివరించాడు. ఏడు బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్లాట మొదలవ్వాల్సిందే. అప్పటికి ఏడూ పది. ముహూర్తం దాటితే మళ్లీ మంచి రోజు కోసం ఆగాలి, క్వార్టర్ గడువు ఆగదు. ఇల్లు ఎవరిదో తర్వాత తేల్చుకుందాం, ముందు ఎవరి పాలు వాళ్లు పొంగించుకుందాం అనుకున్నారు. వాకిట్లో, వసారాలో, ఎవరికి దొరికిన జాగాలో వాళ్లు మూడేసి ఇటుకలు పెట్టి పొయ్యి వెలిగించారు. ఏడూ ఇరవైకి పాలు పొంగాయి. ఏడూ ముప్పైకి జుట్లు పట్టుకున్నారు.

"మీ పొయ్యి ఎక్కడ?" అని అడిగాడు ఆత్మారాం.

"గా మూలకు సార్, అందరి ముందట. మా ఇంటామె పొంగిచ్చింది. అందరికంటె ముందుగాల మాయే పొంగినయి."

చెప్పి, వకీలు కోసం కాగితాలు సర్దుకోవాలంటూ నర్సన్న సెలవు తీసుకున్నాడు. పదకొండు కొట్టింది.

ఆత్మారాం తలుపు దగ్గర మొదలుపెట్టాడు. గొళ్లానికి వేలాడుతున్నది చవక తాళం. గొళ్లెం చుట్టూ చెక్క మీద తుప్పు గుర్తు దానికి రెండింతలుంది. అంటే ఇక్కడ ఏళ్లతరబడి పెద్ద తాళం ఉండేది. పది నిమిషాలు వెతికితే వెనక మురికి కాలువలో దొరికింది. రంపంతో కోసిన కొక్కెం. దేవిదాస్‌కు ఈ ఇంటి చెవి ఎవరూ ఇవ్వలేదు. పాత తాళం కోసేసి తనది వేసుకున్నాడు.

కరెంటు మీటరు పక్కన మేకుకు మూడు బిల్లులు గుచ్చి ఉన్నాయి. పేరు శ్యామలమ్మ, ఊరు మోర్తాడ్. ఎదురింటి ముసలాయనకు ఆమె ఫోను నంబరు తెలుసు. ఎస్టీడీ బూత్ నుంచి ఆత్మారాం మాట్లాడాడు. పసుపు తోటల పనిలో ఉన్నామని, ఆ ఇల్లు రెండేళ్లుగా మూసే ఉందని, ఎవరికీ ఇవ్వలేదని ఆమె చెప్పింది. దేవిదాస్ అనే తమ్ముడు ఉన్నాడా అని అడిగాడు.

"నాకు తోడబుట్టినోళ్లందరు ఆడపిల్లలే అయ్యా. మా ఆయనకు బావమరిదే లేడు," అందామె.

ఫోను కింద పెట్టి బూత్ మీటరు చూశాడు. రెండు నిమిషాల పది సెకన్లు. ఏడు కుటుంబాలవాళ్లు ఈ ఇంటి వాకిలి ఏ దిక్కుకుందో చూశారు. వంటగది ఆగ్నేయంలో ఉందో లేదో చూశారు. కరెంటు బిల్లు మీద పేరు ఎవరూ చూడలేదు. ఎదురింట్లో ఎవరూ అడగలేదు.

తిరిగి వచ్చి వాకిట్లో బండల మీద వంగి నడిచాడు. ఇటుకల మసి, పొంగి పడి మాడిన పాల మరక, దాని మీద చీమలు. వసారాలో రెండు. వాకిట్లో నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

మూలన, అందరి ముందట అని నర్సన్న చూపించిన చోట బండ శుభ్రంగా ఉంది. మసి లేదు, చీమ లేదు.

ఒక మంచం మీద వసంతమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. ఆమె భర్తకు రసీదు ఉంది, పోవడానికి చోటు లేదు. నిన్నటి నుంచి సామానుతో పాటు వాకిట్లోనే ఉన్నారు. నర్సన్న ఇంటామె పాలు పొంగించడం చూశావా అని ఆత్మారాం అడిగాడు.

"ఎవల పాలు ఆళ్లు చూసుకున్నం సార్. పక్కకు చూస్తె పొంగు తప్పిపాయె గద," అంది ఆమె.

నిజమే. ఏడు కుటుంబాలు గుమిగూడిన వాకిట్లో, ఆ ఒక్క నిమిషం ఎవరూ పక్కకు చూడరు. అది తెలిసినవాడే ధైర్యంగా అబద్ధం చెప్పగలడు. కాని రెండు ఇళ్లవాళ్లు ఒకే పొయ్యి వాడుకుని ఉండవచ్చు. ఆ మాట మీద మెజిస్ట్రేటు ఎవరినీ వదలడు. ఆత్మారాం ఆ సంఖ్యను జేబులో వేసుకుని దర్జీల వీధికి నడిచాడు.

*

సఫారీలు కుట్టే దర్జీలు ఆ ఊళ్లో నలుగురే. మూడో దుకాణం జహంగీర్ మియాది. ఫ్యాక్టరీ యూనిఫారాలు ఇరవై ఏళ్లుగా కుట్టాడు. ఇప్పుడు కుట్టడానికి యూనిఫారాలు లేవు. మిషను వెనక పరదా కట్టి ఉంది. పరదా వెనక పసిపిల్ల దగ్గు.

పన్నెండూ యాభైకి నమాజుకు వెళ్లిన మియా రెండింటికి తిరిగొచ్చి కొలతల పుస్తకం తెరిచాడు. ప్రతి కొలత పక్కన ఆ గుడ్డ ముక్క ఒకటి గుండుసూదితో గుచ్చి ఉంటుంది. రేపు ఎవరి బట్ట ఏదని తగాదా రాకుండా దర్జీలు చేసుకునే ఏర్పాటు. జులై పన్నెండు, శుక్రవారం పేజీలో బూడిదరంగు ముక్క ఉంది. ఛాతీ నలభై, నడుము ముప్పై ఎనిమిది. మనిషి పేరు లేదు. అప్పగించినవాడి పేరు ఉంది: నర్సన్న, కాంటా.

"నర్సన్న మా పాత గిరాకి సాబ్. ఒక బట్టతలాయనను తోల్కొచ్చిండు, మరాఠీ మాట్లాడుతుండె. అర్జెంటు అన్నడు. తెల్లారి సాయంత్రానికి ఇచ్చిన. టాకాలు గుడ తియ్యనియ్యలే," అన్నాడు మియా.

కొలతలు తీస్తుంటే ఆ ఇద్దరూ ఏదో ఖాళీ ఇంటి గురించి మాట్లాడుకున్నారట. మియా ఇల్లు అప్పటికే ఖాళీ చేయమంటున్నారు. నాకు ఇప్పించమని నర్సన్నను అడిగాడు.

"ఎనిమిది నెలల అడ్వాన్సు ఇస్త అన్న. ఈ ఆదివారమే దిగుత అన్న. ఆయన మొఖం మాడింది. మీవోళ్లకు ఇయ్యరు భాయ్ అన్నడు. గా మాట నాకు కొత్త గాదు. ఊకున్న."

ఆత్మారాం పుస్తకం మీది నుంచి తలెత్తాడు. ఎక్కువ డబ్బు వస్తుంటే వద్దన్న మోసగాడు. రెండు రోజుల్లో దిగుతానన్న మనిషి. నెల దాకా ఆ గడప తొక్కనివాళ్లే వాళ్లకు కావాలి. ఆషాఢం పట్టింపు ఉన్నవాళ్లే కావాలి. ఆ నెలలోనే మిగతా ఆరుగురి దగ్గర తీసుకోవాలి.

"నిన్ను వద్దన్నది నీ నమాజుకు కాదు మియా. నీ ఆదివారానికి," అన్నాడు.

మియా కత్తెర కింద పెట్టాడు.

"అంటె నేను తప్పించుకున్న అన్నట్టా సాబ్?" అని పరదా వైపు చూశాడు. "ఇల్లయితె ఇంక దొరకలే. గా మిషన్ల నడుమనే పండుతున్నం."

సాయన్న ద్వారా జులై ఇరవై ఒకటిన ఆ ఇంటి సంగతి తెలిసిందన్న నర్సన్న, జులై పన్నెండునే ఆ ఇంటి మనిషికి బట్టలు కుట్టించాడు.

*

మూడూ అయిదు. రామస్వామి కొలతల పుస్తకాన్ని గుండుసూది తగలకుండా రెండు వేళ్లతో తిప్పాడు.

"బట్టలు కుట్టిస్తె నేరమా? ఎవరో దోస్తుకు కుట్టిచ్చిన అంటడు. దర్జీకి తారీకు తప్పిందంటడు. పాల మరక అంటివి, చీమలను తోల్కపోయి సాక్ష్యం చెప్పియ్యాల్నా?"

"రసీదు రాత చూసినవా నువ్వు?" అన్నాడు ఆత్మారాం. "సంతకం మరాఠీ. రాత అచ్చ తెలుగు. దేవిదాసుకు తెలుగు రాదు. ఇంటికాడ తీరుబడిగ కూసొని ఎవరో ముందే రాసిచ్చిండ్రు. గుండ్రటి గుమాస్తా రాత. నర్సన్న ముప్పై ఏండ్లు కాంటా కాడ చీటీలు రాసిండు. ఈ చుట్టుపక్కల చెరుకేసిన ఏ రైతు ఇంట్ల చూసినా ఆయన రాతనే. పాకం వండేటోళ్లకు ఆ చీటీలతోటి పనిలేదు, గందుకే పోల్చలే."

రామస్వామి పుస్తకం మూశాడు. కుర్చీలోంచి మొదటిసారి లేచాడు.

"మా మామ చందూర్‌ల చెరుకు రైతు. ఇరవై ఏండ్ల కాంటా చీటీలు సందూక పెట్టెల దాచిండు. ఫోన్ చేసి జీపు తోలుత," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "రసీదులు మేం జప్తు చెయ్యలే. రాజీకొస్తదేమో అని ఆళ్ల దగ్గర్నే ఉంచినం. ఒక్కటి తే. నాలుగున్నరలోపల తే. రెండు పక్కపక్కన పెట్టి చూస్త. కలిసిందా, సాయన్నను నేనే ఇంటికాడ దించుత."

"కలవకపోతె?"

"అయిదింటికి తోల్కపోత."

లాకప్పు కడ్డీల దగ్గర ఆత్మారాం నర్సన్న సంగతి మెల్లిగా చెప్పాడు. సాయన్న చివరిదాకా విన్నాడు. కాదన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు.

"గట్లనకుండ్రి సార్. ఇల్లున్నదని నర్సన్ననే చెప్పిండు గని, ఆయన గుడ నాతోటి సమానంగ మునిగిండు. నా పేరు చెప్పకు అన్నా, నన్ను గుడ లోపలేస్తె మీ అందరి కోసం ఉరికేటోడు ఉండడు అని చేతులు పట్టుకున్నడు. ఏడ్చిండు సార్."

"నిన్న ఆయన పొయ్యి వెలిగియ్యలేదు సాయన్నా. ఆ ఇల్లు ఆయనది కాదని ఆయనకు తెలుసు."

సాయన్న కడ్డీలు వదిలేశాడు. గోడ దాకా వెనక్కి నడిచి, అటు తిరిగి నిలబడ్డాడు. తను బయట నిలబెట్టిన మనిషి ఎవడో ఇప్పుడు తెలిసింది. ఒక మోసం వల్ల పోయింది ఇల్లు. ఈ మాటతో పోయింది వేరే. 

లింగవ్వ వరండాలో లేదు. మధ్యాహ్నమే క్వార్టర్‌కు పోయిందని సెంట్రీ చెప్పాడు.

రిక్షాలో పోతూ ఆత్మారాంకు ఇంకో ప్రశ్న తగిలింది. డబ్బు పంచుకున్నాక దేవిదాస్ పోయాడు. నర్సన్న ఎందుకు ఆగాడు? ముహూర్తం వేళకు సామాను బండితో వచ్చి, మునిగినవాళ్లలో ఒకడిగా నిలబడి, జుట్లు పట్టుకున్నవాళ్లను విడదీసి, ఇవాళ గడప మీద కాపలా ఎందుకు కూర్చున్నాడు? ఇంకా ఇక్కడ అతనికి కావాల్సింది ఏముంది?

ఏడు కాగితాలు. తన చేతి రాత ఉన్న ఏడు కాగితాలు.

"జల్ది తొక్కు," అన్నాడు రిక్షావాడితో.

మూడూ యాభై అయిదుకు క్వార్టర్ చేరాడు. లోపల సామాను మళ్లీ మూటలు కట్టి ఉంది. లింగవ్వ ఎదురొచ్చింది. పొద్దున్న లేని తెరిపి ఆమె మొహంలో ఉంది. అది చూశాకే ఆత్మారాంకు భయం వేసింది.

"రసీదు తే అవ్వా."

"నర్సన్న తీస్కపాయె సార్. ఒంటిగంటకు వచ్చిండు. అందరి రసీదులు జమ చేసిండు. వకీలుకు అసలువే కావాలెనట. రెండున్నర బస్సుకు నిజామాబాద్ పోతున్న, సాయన్నను ఇడిపిచ్చుకోని వస్త అన్నడు."

రెండున్నరకు నిజామాబాద్ బస్సు లేదు. పొద్దున్న దిగినప్పుడే బస్టాండులో బోర్డు చూశాడు. రెండున్నరకు పోయేది నాందేడు బస్సు. ఆ పాటికి మంజీర దాటి ఉంటుంది.

ఆత్మారాం తన దగ్గరున్న సాక్ష్యాలు లెక్కపెట్టుకున్నాడు. కొలతల పుస్తకం ఉంది, తాళం ముక్క ఉంది, ఆరు పాల మరకలు ఉన్నాయి. చందూర్ నుంచి సందూక నిండా చీటీలు వస్తున్నాయి. వాటి పక్కన పెట్టి చూడటానికి ఒక్క కాగితం లేదు.

"వకీలుకు ఏమన్న ఇచ్చినవా?"

ఆమె కొంగు సర్దుకుంది. సర్దుకున్నప్పుడు మెడ కనిపించింది. పొద్దున్న పుస్తెలున్న చోట ఇప్పుడు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి ఉంది.

"వకీలుకే కాదు సార్. ఇంకో ఇల్లు గుడ చూసిండు మాకు. మంచోడు. మంది ఎగబడుతున్నరు, ఎవలకు చెప్పకు, నీకే అన్నడు. వచ్చే శుక్రవారం మంచిదట, పాలు పొంగిచ్చుకొమ్మన్నడు. అప్పటికి మా ఆయన వస్తడు గద."

"ఎక్కడ ఇల్లు? ఎవరిది? చూసినవా?"

"చూపెడ్తనన్నడు. వాకిలి తూర్పుకే అన్నడు," అంది లింగవ్వ. బొడ్లోంచి సంచి తీసి, నమ్మకం లేనివాడికి రుజువు చూపినట్టు, చెయ్యి చాపింది. "చెవి గుడ ఇచ్చిండు."

ఆత్మారాం ఆ చెవిని తీసుకున్నాడు. నిన్నటి చెవి ఉందా అని అడిగాడు. ఆమె అదే సంచిలోంచి తీసిచ్చింది. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. ఒకే కంపెనీ, ఒకే చవక రేకు. మూడు పళ్లు, మూడోది పొట్టి. ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలిశాయి.

ఏడో పొయ్యి వెలిగించని మనిషి తన ఏడో చెవిని ఇక్కడ అమ్ముకుని పోయాడు.

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయి గద సార్," అంది లింగవ్వ, అతని చేతి మీదికి వంగి చూస్తూ. ఇంకా ఆమెకు అర్థం కాలేదు. అర్థం చేయించాల్సిన మనిషి అతనొక్కడే అక్కడ ఉన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

అప్పటికి నాలుగూ అయిదు.